దించని చీరలు

కోడేరులో మా ఇంట్ల డిగ్రీ పాసైంది నేనొక్కదాన్నే. గద్వాల చేనేత సంఘంలో ఫోన్ యాప్‌కు మాటలు రాసే పని దొరికింది. నేతగాళ్లకు రోజూ ఒక ప్రశ్న పోతది: "మీ చీర పూర్తయిందా?" కింద అవును, లేదు. అది నేనే రాసిన. చిన్నగ, సాఫ్‌గ ఉందని మురిసిపోయిన.

ఇరవై రోజులు, ఇరవై మగ్గాలు. అందరూ "లేదు" అనే నొక్కిన్రు.

హైదరాబాద్ దుకాణానికి అరవై చీరలు కావాలె. ఇయ్యాల సాయంత్రం ఐదింటికల్లా సగమన్న అయినయని చెప్పకుంటే ఆర్డర్ వేరే ఊరికి ఇస్తమన్నరు. పోతే ఈ ఇరవై ఇండ్లకు పనుండదు.

మేనేజర్ ఉమేష్ సార్ గరమైండు. "ఒక్క చీరన్న నెయ్యలేదా? పని చేస్తలేరు, గంతే!"

"ఒక్కసారి పోయి చూసొస్త సార్."

"చూసుడేంది నిరోషా? మూడు గంటలే ఉన్నయ్!"

అయినా ఆ ఇరవై మందిల ఒకామె, పుష్పమ్మ ఇంటికి ఉరికిన. ఆమె మగ్గం కింది గుంటల కాళ్లు పెట్టి నేస్తున్నది.

"పెద్దమ్మా, రోజూ ఎట్ల నొక్కుతవో గట్లనే నొక్కు."

ప్రశ్న చదివింది. "లేదు" నొక్కింది. ఆమె ముందట కర్రకు నేసిన బట్ట మందంగ చుట్టుకొని ఉంది.

"గది చీర కాదా?"

"రెండు చీరలు బిడ్డా. మూడోది సగంల ఉంది."

"మరి లేదంటవేంది?"

"మూడింటికి ఒక్కటే పడుగు, నిలువు పోగులు, మగ్గానికి ఎక్కిస్తం. మూడూ అయినంకనే కోసి దించుతం. దించకుండ అయిందని ఎవరన్న అంటరా? నాతోని అబద్ధం చెప్పిస్తవా?"

తప్పు నాది. మగ్గం చూడకుండ, కుర్చీల కూసొని రాసిన.

ఆమె గడపల్నే కూసొని మార్చిన: "మగ్గం మీద ఇప్పటికి ఎన్ని చీరలు నేసిన్రు? సగం నేసింది లెక్కవెట్టొద్దు." కింద సున్న, ఒకటి, రెండు, మూడు.

పుష్పమ్మ చదివింది. రెండు నొక్కింది.

"గింత మాట అడగనీకి ఇరవై దినాలా? కాలేజీల ఏం చెప్పిన్రే నీకు?"

"కాలేజీల మగ్గం లేదు పెద్దమ్మా."

అక్కడి నుంచే అందరికీ పంపిన. ఆఫీసుకు వచ్చేసరికి నాలుగున్నర. ఇరవై జవాబులూ వచ్చినయ్. మొత్తం ముప్పై ఎనిమిది చీరలు!

ఉమేష్ సార్ రెండుసార్లు కూడిండు. దుకాణానికి ఫోన్ చేసి, బజారంత వినేటట్టు, "ముప్పై ఎనిమిది తయార్ సేఠ్! ఆర్డర్ మాదే!" అన్నడు. పెట్టినంక నా దిక్కు తిరిగి, "మిగిలిన ప్రశ్నలు గూడ మగ్గాల కాడ కూసొనే రాయమ్మా" అన్నడు.

ఐదింటికి పుష్పమ్మ ఫోన్. "పని ఉందా, పోయిందా?"

"ఉంది పెద్దమ్మా. అరవై చీరలూ మనయే!"

"అయితే ముచ్చట్లు బంద్ చెయ్యి. నాకు పనుంది."

ఆమె ఫోన్ పెట్టకముందే మగ్గం చప్పుడు మొదలైంది.