వేళ్లకు అందని రబ్బరు

మా ఆయన కిషన్ రావు వేళ్ల మీద వరంగల్ మెకానిక్కులందరికీ నమ్మకం. స్టేషన్ రోడ్డులో మాది, పైపుల అతుకులు కారకుండా బిగించే రబ్బరు సీళ్ల దుకాణం. నల్లటి రింగులను సైజుల వారీగా తీగకు గుచ్చి వేలాడదీస్తాం. ఒకే తీగకు పెట్రోలుకు ఆగేవీ ఉంటాయి, బ్రేకు ఆయిలుకు తప్ప దేనికీ పనికిరానివీ ఉంటాయి. ఆయన గోరుతో నొక్కి ఏది ఏ రకమో చెప్పేస్తాడు. వేరువేరుగా గుచ్చమని పాతికేళ్లుగా మొత్తుకుంటున్నాను, వింటేగా!

నిన్న మధ్యాహ్నం మెకానిక్ భానుచందర్ వచ్చాడు. ఊరి బయట శిక్షణకు వాడే రెండు సీట్ల విమానం మరమ్మతులు అతనే చూస్తాడు. దాని పెట్రోలు పైపుకు రింగులు కావాలట.

"ఏంది తమ్మీ, విమానానికి బజార్ల రబ్బరా?" అన్నాను.

"కంపెనీయి వారం దాక రావక్కా. రేపు పొద్దుగాల పైలట్ స్నేహలత మేడం ఎగరాలె. కిషనన్న చెయ్యి పడితే ఫికర్ లేదు."

మా ఆయన పొంగిపోయి, నొక్కి నొక్కి ఐదు ఏరాడు. అతను నాలుగు తీసుకుని వెళ్లాడు.

నాకు మాత్రం నమ్మకం లేదు. ఆర్నెల్లుగా షుగరుతో ఆయన వేళ్లకు స్పర్శ లేదు. మొన్న వేడి చాయ్ గ్లాసు పట్టుకుని కబుర్లు చెప్పాడు, బొబ్బ లేచాక గానీ తెలియలేదు. భానుచందర్ ముందు ఆ మాట అంటే ఈయన పరువు పోతుందని నోరు మూసుకున్నాను. నా నోటికి ఏ రోగం వచ్చిందో! మిగిలిన ఐదోదాన్ని పెట్రోలు సీసాలో వేసి ఉంచాను.

తెల్లారి చూస్తే అది ఉబ్బి గారెలా మెత్తబడింది. వెంటనే భానుచందర్‌కు ఫోన్ చేశాను.

"విమానం లేపకు తమ్మీ, నీ కాల్మొక్కుత!"

"మేడం ఎక్కి కూసున్నదక్కా..." అంటూ పరుగెత్తాడు. కాసేపటికి ఫోన్లో వినబడుతున్న ఇంజను మోత ఆగింది. విప్పి చూస్తే రెండు రింగులు అప్పటికే ఉబ్బాయట. నేను ఏడ్చేశాను.

మా ఆయనకు చెబితే, "నా చెయ్యి ఎన్నడు తప్పదు!" అని కసిరాడు. నాకూ ఒళ్లు మండింది. ఇంకా తీగకు గుచ్చని బ్రేకు రింగుల డబ్బాలోంచి ఒకటి, పెట్రోలు రింగుల ప్యాకెట్టులోంచి ఒకటి తీసి ఆయన చేతిలో పెట్టాను.

"ఏది పెట్రోలుదో చెప్పు."

నొక్కాడు. మళ్లీ నొక్కాడు. కళ్లు మూసుకుని నొక్కాడు.

"రెండు ఒక్క తీర్గనే ఉన్నయి గదనే, అరుణా," అన్నాడు.

మాట నెగ్గించుకున్నందుకు నన్ను నేనే చెప్పుతో కొట్టుకోవాలనిపించింది.