గోరువెచ్చని పావుగంట

"ఏమోయ్, కాఫీ ఇస్తావా, ఆ తాబేలుకి ఇంకా వీపు రుద్దుతున్నావా?" హాల్లోంచి భర్త కేక.

ఆమె కదల్లేదు. టబ్బులో గోరువెచ్చని నీళ్లు పోసి, మోచేయి ముంచి చూసి, తాబేలు పిల్లని మెల్లగా దింపింది. నీళ్లు దాని గడ్డం దాటకూడదు. దాటితే? వెల్లకిలా పడి మునిగిపోతే? కూతురు బెంగతో జ్వరం తెచ్చుకుని, పరీక్ష తప్పి, చదువే మానేస్తే? ఆమె ఆలోచన ఎప్పుడూ అలా పరుగు తీస్తుంది. అందుకే పక్కనే పీట వేసుకుని కూర్చుంటుంది.

"నేనే చూసుకుంటానమ్మా" అని ఒట్టేసి తెచ్చింది కూతురు. వారం తిరక్కుండానే పని అమ్మ నెత్తిన పడింది. "పిల్లది కదా, తేమ చాలకపోతే పెంకు గుట్టలు గుట్టలుగా పెరుగుతుంది. రోజూ నానబెట్టండి, ఎండ తగలనివ్వండి" అంది పశువుల డాక్టరమ్మ. గుట్టలన్న మాట విన్నప్పటి నుంచి ఆమెకు కంటి మీద కునుకు లేదు. ఓసారి అత్తగారు మెరుస్తుందని పెంకుకి నూనె పట్టిస్తే, తుడుస్తూ ఏడ్చినంత పని చేసింది.

"నా కొడుకుని పెంచడానికి కూడా ఇంత హడావుడి పడలేదమ్మా!"

అందుకేగా అత్తయ్యా, ఆయనకి కాఫీ కలుపుకోవడం కూడా రాలేదు, అని నోటిదాకా వచ్చింది. మింగేసింది.

నడుం నొప్పి అంటే వినని ఇల్లు, తాబేలు నీళ్లలో ఉందంటే మాత్రం నోరు మూసుకుంటుంది. పొద్దున లేచింది మొదలు ఆమె కూర్చునేది ఆ పావుగంటే.

కొన్ని నెలలకి డాక్టరమ్మ పెంకు నొక్కి చూసి నవ్వింది. "గట్టిగా, నున్నగా ఉంది. పెద్దదవుతోంది, ఇక రోజు విడిచి రోజు నానబెడితే చాలు."

"హమ్మయ్య, నీకిక తీరికే!" అన్నాడు భర్త. మరి నా పావుగంట? అనుకుంది ఆమె.

మర్నాడు తాబేలు ఎండలో ఆకు నములుతోంది. ఆమె ఎప్పటిలాగే నీళ్లు పోసింది, మోచేయి ముంచి చూసింది, పీట వేసుకుంది. పగుళ్లు తేలిన పాదాలు రెండూ టబ్బులో పెట్టింది.

"కాఫీ!"

"లేవలేనండీ. నానుతున్నాం."

"ఇవాళ దాని వంతు కాదుగా?"

"కాదు. నా వంతు."

కాసేపటికి వంటింట్లో గిన్నె దభీమని పడింది. చెయ్యి కాల్చుకున్నారేమో, పొయ్యి కట్టేశారో లేదో... పాదం నీళ్లలోంచి సగం లేచింది. మళ్లీ దింపేసింది.

"చక్కెర ఎక్కడ చచ్చింది?"

"పై అరలో. నాకూ ఓ కప్పు కలపండి."