పోర్ట్ స్వెట్టెన్‌హాం వెళ్ళే బెంచీ

మెర్డెకా రోజున, అంటే మలయాకి స్వాతంత్ర్యం వచ్చిన రోజున, మా బడిలో జెండా ఎగరేసింది నేను. ఆ పని నా భర్త పైడిరాజు చేయవలసింది. ముందుగానే కర్ర కొని, సున్నం పూసి, ఎక్కడ పాతాలో గుర్తు కూడా పెట్టి ఉంచారు. జూన్‌లో జ్వరం తగిలింది. జూలైలో పోయారు. బడివాళ్ళు నన్ను ఆయన గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. మంచి మాస్టారు అని చెప్పి కూర్చున్నాను. సభలో చెప్పలేకపోయినది ఇక్కడ రాస్తున్నాను.

అప్పటికి నాలుగేళ్ళ కిందట మేము హుటాన్ మెలింటాంగ్‌లో పంతుళ్ళ శిక్షణకి చదువుకునేవాళ్ళం. రేకుల కప్పు, రెండు గదులు, ముందు వరండా. అంతే. అయినా మేము దాన్ని కాలేజీ అనే అనేవాళ్ళం. నేను, కమలం హెడ్‌మాస్టరు గారింట్లో ఉండేవాళ్ళం. పైడిరాజు, రామదాసు బడి వెనక పాకలో. అడవిలోని కమ్యూనిస్టు దళాలతో తెల్లదొరలు పోరాడుతున్న ఎమర్జెన్సీ రోజులు. చీకటి పడకముందే కర్ఫ్యూ. సినిమా హాలు మూసేశారు. దళాలకి చేరుతుందని బియ్యం గింజ ఊరు దాటించినా నేరం. వంతెన దగ్గర స్పెషల్ కానిస్టేబులు అందరి ఐసీలు, అంటే గుర్తింపు కార్డులు, చూసి, సంచులు తడిమి వదిలేవాడు. చేపల వాసన, మోటారు పడవల చప్పుడు తప్ప ఆ ఊళ్ళో మాకు కాలక్షేపం లేదు.

అందుకని శనివారం మధ్యాహ్నం వరండాలో బస్సు నడిపేవాళ్ళం. బెంచీలు ఒకదాని వెనక ఒకటి వేస్తే బస్సు. అన్నం తినే రేకు పళ్ళెం పట్టుకుని రామదాసు డ్రైవరు. కమలం కండక్టరు. బెర్నాం నది దాటి, క్వాలా సెలంగోర్ మీదుగా, ఓడలు చూడడానికి పోర్ట్ స్వెట్టెన్‌హాం వెళ్ళేది మా బస్సు. రామదాసు దారి కాకపోయినా బటాంగ్ బెర్జుంటై వైపు తిప్పేవాడు. వాళ్ళమ్మ అక్కడ రబ్బరు తోటలో ఉండేది. అక్కడికి రాగానే అతను బస్సు ఆపి, ఖాళీగా ఉన్న వాకిలి వైపు చెయ్యి ఊపి, మళ్ళీ పళ్ళెం తిప్పేవాడు.

పైడిరాజుది పోలీసు వేషం. నెత్తిమీద వెదురు బుట్ట బోర్లించుకుని తలుపు వెనకనుంచి వచ్చేవాడు. వేషం ఎలా ఉన్నా గొంతు మాత్రం వంతెన దగ్గరి కానిస్టేబులుదే. ఆ మలాయి భాష, ఆ విసుగు, మధ్యలో ఆ దగ్గు.

నేను చెప్పే శనివారం నాటికి నా మనసు ఆటలో లేదు. ఆ వారంలోనే మా తోట దగ్గర రోడ్డు మీద అడవిలోని దళంవాళ్ళు బస్సు తగలబెట్టారు. మనుషుల్ని దింపేసి బస్సుకి నిప్పు పెట్టారట. మా అయ్య వెంకటసామి బగాన్ డాటో వైపు కొబ్బరి తోటలో కాయలు ఎండబెట్టే కొప్రా బట్టీ చూసేవాడు. ఆ వార్త విన్న దగ్గర్నుంచి ఆయన నన్ను ఇంటికి తీసుకుపోతాడని భయంగా ఉంది. పరీక్షలకి ఆరు నెలలుంది. వెళ్తే మళ్ళీ రాలేను. బట్టీ దగ్గర కాయలు కొట్టుకుంటూ, ఎవరికో ఒకరికి ఇచ్చేదాకా ఉండాలి. నాకు బడి కావాలి. నల్లబల్ల ముందు నిలబడాలి. ఆ మాట ఇంట్లో ఎప్పుడూ గట్టిగా అనలేదు.

"టికెట్, టికెట్," అంది కమలం. "ఏటి దేవకీ, మల్లీ సింతాకే ఇచ్చినావు? పోయిన వారం ఆకు ఇది. సెల్లదు లా." మలాయివాళ్ళలా చివర "లా" తగిలించందే కమలానికి మాట పూర్తికాదు.

"ఎండినాదని సెల్లదేటి?" అన్నాను.

"ఎనక్కి జరగండి," అన్నాడు రామదాసు. "బస్సు పడవెక్కుతంది. పడవ మునిగితే నాను పూచీ గాదు."

అప్పుడే తలుపు వెనకనుంచి "బెర్హెంతి!" అని కేక వచ్చింది. ఆగమని. ఆ వెంటనే మలాయిలో, ఐసీలు తీయండి, బియ్యం ఎవరి దగ్గరుంది, సంచులు విప్పండి అని వరసగా. చివర ఆ దగ్గు.

మేము నవ్వుతున్నాము. మా వెనక మెట్ల మీద మరో గొంతు వినిపించింది.

"ఏటీ నేదు దొరా. పిల్లకి తీపి. అంతే దొరా."

తిరిగి చూస్తే మా అయ్య. ఎండలోంచి వచ్చి, లోపల ఎవరున్నదీ కనబడక, రెండు చేతులూ పైకెత్తి నిలబడి ఉన్నాడు. ఒక చేతిలో ఐసీ. చొక్కా పైకి లాగి నడుముకి కట్టుకున్న మూట విప్పి అప్పటికే కాళ్ళ దగ్గర పెట్టేశాడు.

పైడిరాజు తలుపు వెనకనుంచి బయటికొచ్చి చూశాడు. బుట్ట తీసేశాడు.

"మావా, సేతులు దించండి. నాను ఈల్ల కాలేజీ కుర్రోడినే. పోలీసుని గాదు."

అయ్య చేతులు వెంటనే దిగలేదు. "గొంతు ఆ వంతెన కాడోడిదే," అన్నాడు.

"ఆడి గొంతే మావా. రోజూ ఇంటన్నాం కదా, నోటికి అంటుకుపోనాది."

అయ్య బెంచీ అంచున కూర్చుని తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "ఐసీతో ఆటేటిరా బాబూ," అన్నాడు. కోపం లేదు. అలసట ఉంది.

నేను మూట చూస్తున్నాను. గుడ్డ కొంచెం విడింది. అరిసెలు. నాకు అర్థమైపోయింది.

మా అమ్మమ్మ నుంచి మా అమ్మకి వచ్చిన పట్టింపు ఒకటుంది. పిల్ల ఒక చోటు విడిచి వచ్చేస్తుంటే అక్కడివాళ్ళ నోరు తీపి చేసి రావాలి. ఆ తీపి తెచ్చిన ఇంటివాళ్ళు మాత్రం ముట్టకూడదు. ముట్టారో, ప్రయాణం ఆగిపోతుంది. ఆ రేషను బియ్యంలో మిగిల్చి, దంచి, అమ్మ అరిసెలు చేసిందంటే ఇక మాటల్లేవు.

"ఈల్లందరికీ పెట్టెయ్యి అమ్మీ," అన్నాడు అయ్య. "నాలుగు గంటల బస్సుకి ఎల్లిపోదాం. మీ యమ్మకి నిద్దర నేదు."

"పరీచ్చలు దగ్గరికొచ్చినాయి కదా పెద్దయ్యా," అంది కమలం.

"బతికుంటే రాత్తాది పరీచ్చలు."

పైడిరాజు బుట్ట మళ్ళీ నెత్తిన పెట్టుకున్నాడు. ఈసారి గొంతు తగ్గించి, తెలుగులోనే అన్నాడు.

"ఈ సరుకు ఇక్కడ పంచడానికి నేదు. బస్సు పోర్టుకి సేరినాకే పంచాల. రూలు."

అయ్య అతని వైపు చూశాడు. "ఎప్పుడు సేరతాదేటి మీ బస్సు?"

"పరీచ్చలు అయినాక మావా. సగం దారిలో ఎవుల్నీ దింపం."

"అలాగైతే మూట నానే అట్టుకెల్లిపోతాను."

"బస్టాండులో సోదా సేత్తన్నారు పెద్దయ్యా," అన్నాడు రామదాసు. "ఆడు నిజం పోలీసు."

అయ్య మూట వైపు చూశాడు. వెనక్కి తీసుకుపోలేడు. పంచితే నా చదువు అయిపోయినట్టే. నేను మూట రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నాను.

"అయ్యా," అన్నాను, "ఇంటికి తీసుకెల్లాలన్నా ఆ రోడ్డు మీదే కదా తీసుకెల్లాల. ఇక్కడుంటే నాను రోడ్డెక్కను. బడి, ఇల్లు. అంతే."

"నువ్వు కల్ల ముందర ఉంటే సాలంటాది మీ యమ్మ."

"ఆ మాట అమ్మదా, నీదా?"

ఆయన లేచి, ముందు బెంచీ మీదికి వెళ్ళి రామదాసు పక్కన కూర్చున్నాడు. రామదాసు ఒక్క క్షణం తటపటాయించి, పళ్ళెం అందుకుని నోటితో ఇంజను మొదలుపెట్టాడు.

"మా అయ్య ఓడ దిగినది ఆ పోర్టులోనే," అన్నాడు అయ్య, ఎవరితో అంటున్నాడో తెలియకుండా. "నాను సూడనేదు. సముద్రం కనపడతాదా రోడ్డు మీదినుంచి?"

"కనపడతాది మావా," అన్నాడు పైడిరాజు. మాలో ఎవరమూ పోర్ట్ స్వెట్టెన్‌హాం చూడలేదు. అయినా అతను మా అయ్య పక్కన చతికిలబడి చెప్పడం మొదలుపెట్టాడు. కుడి చేతి వైపు కొబ్బరి చెట్లు. తర్వాత మడ అడవి. అది తెగిపోయిన చోట నీళ్ళు. నీళ్ళ మీద ఓడ, దాని పొగ. మా అయ్య నిజంగానే కుడి వైపు చూస్తున్నాడు.

కాసేపటికి ఆయన చెయ్యి చాచాడు. "ఆ మూట ఇలాగియ్యమ్మీ."

ఇచ్చాను. ఒక అరిసె తీసి, విరిచి, నోట్లో వేసుకున్నాడు. ముందు పళ్ళు లేవు. పక్కకి తిప్పుకుని చాలాసేపు నమిలాడు. మేము నలుగురం ఆయన దవడ కదలడం చూస్తూ నిలబడ్డాం.

"పాకం ముదిరిపోనాది," అన్నాడు. "మీ యమ్మకి సెప్తాను. నాను తినేసినానని కూడా సెప్తాను. అరుత్తాది. అరవనీ." మిగిలిన సగం పైడిరాజు చేతిలో పెట్టాడు. "తిను బాబూ. ఆకలి మీద అరిసినావు అంతసేపూ."

పైడిరాజు బుట్ట తీసి తిన్నాడు.

నాలుగు గంటల బస్సుకి అయ్య ఒక్కడే లేచాడు. మా బెంచీ నేలకి మూరెడు ఎత్తు కూడా ఉండదు. అయినా ఆయన నిజం బస్సు దిగినట్టే, పైడిరాజు భుజం పట్టుకుని, ఒక్కొక్క కాలే జాగ్రత్తగా కింద పెట్టి దిగాడు. దిగాక కూడా కాసేపు ఆ భుజం వదలలేదు.