తుడవని పలక

చెన్నకేశవులు దొండాకుతో నా ముఖం రుద్దుతున్నాడు. ముందు ఆకు, తర్వాత బొగ్గుపొడి, చివర తడిగుడ్డ. ముప్పై ఏళ్ళుగా ఈ వరుస తప్పలేదు.

నేను ఒక పలకను. మార్కాపురం గనిలో పుట్టాను. పొరలుగా చీల్చి, నున్నగా అరగదీసి, చుట్టూ చెక్క బిగించి నన్ను సంతకు పంపారు. నాతో వచ్చినవన్నీ ఎప్పుడో పగిలిపోయాయి.

మొదట నేను అతని అక్క పేరమ్మదాన్ని. ఆమె నోటుపుస్తకం పట్టాక తమ్ముడికి వచ్చాను. బడిలో పిల్లలు గోల చేస్తే అతను చెవులు మూసుకునేవాడు. మాట గొంతులోనే ఆగిపోయేది. అప్పుడు నా మీద రాసేవాడు. అందరూ మొండివాడన్నారు. మాస్టారు మాత్రం పక్కన కూర్చుని, వంగి చదివేవారు. ఆ బలపం కిచకిచ, నా మీద ఆరే తడి వాసన ఇప్పటికీ గుర్తున్నాయి. సాయంత్రం పలకలు తీసుకునేటప్పుడు ఆయన పెట్టిన నియమం ఒకటే. ఎవరి చేతికైనా పలకను తుడిచి, రెండు చేతులా ఇవ్వాలి. మిగతా పిల్లలు ఆ నియమాన్ని బడిలోనే వదిలేసి వెళ్ళారు. చెన్నకేశవులు ఇంటికి తెచ్చుకున్నాడు.

పెద్దయ్యాక టైలరు పంపే చొక్కాలకు ఇంట్లోనే కాజాలు కుట్టేవాడు. ఇంట్లో మాట్లాడతాడు. బయట నేనే అతని నోరు.

పోయినేడు కడుపునొప్పి వచ్చింది. బయల్దేరేముందు నా మీద రాసుకున్నాడు: "కుడివైపు, కింద. మూడు రోజులు. నొక్కినప్పటి కంటే చెయ్యి తీస్తే ఎక్కువ."

పట్నం ఆసుపత్రిలో ఫ్యాను గడగడలాడుతోంది. ఎవరో పేర్లు అరుస్తున్నారు. ట్యూబులైటు ఆగి ఆగి వెలుగుతోంది. అతను ముందుకీ వెనక్కీ ఊగుతున్నాడు. డాక్టరు పేరమ్మ వైపే చూశాడు.

"ఏమ్మా, యాడంట నొప్పి?"

"వాణ్ణే అడగండయ్యా. పలక మీద రాసుకొచ్చాడు."

"ఇంత మనిషికి పలకేందమ్మా! సరే, ఇటివ్వు."

డాక్టరు చెయ్యి చాపాడు. చెన్నకేశవులు మోచేత్తో నన్ను గబగబా తుడిచి, రెండు చేతులా అందించాడు.

డాక్టరు నన్ను అటూ ఇటూ తిప్పాడు. అంత శుభ్రంగా ఉన్నందుకు నా పుట్టుకలో మొదటిసారి సిగ్గుపడ్డాను.

"నొప్పుంటే మనిషి అరుస్తాడమ్మా. గ్యాసు," అని, పేరమ్మ చెప్పబోతున్నా వినకుండా మాత్రలు రాశాడు. చదువుకున్నవాళ్ళకు అరుపు కూడా ఒక లిపే కాబోలు.

ఇంటికొచ్చాక పేరమ్మ తల పట్టుకుంది. "ఎందుకు తుడిచావురా నాయనా?"

"ఇచ్చేటప్పుడు తుడవాలక్కా."

ఆమె తిట్టలేదు. ఊరి నర్సమ్మ సువార్తను పిలుచుకొచ్చింది. సువార్త చెయ్యి చాపలేదు. నేల మీద పక్కన కూర్చుని, మాస్టారిలాగే వంగింది. అతను మళ్ళీ అవే మాటలు రాశాడు. ఆమె చదివి లేచింది.

"ఆటో పిలు పేరమ్మా. ఇది గ్యాసు కాదు."

ఆ మాటలన్నీ కాగితం మీదికి ఎక్కించి, పైన ఇంకో ముక్క రాసింది: "ఇతనికి ఆటిజం. గోల తగ్గించి, ఇతన్నే అడగండి." ఇంకో ఆసుపత్రిలో ఆ సాయంత్రమే ఆపరేషను చేశారు. ఒక పూట ఆగి ఉంటే అపెండిక్స్ పగిలేదట.

తర్వాత పేరమ్మ సూది కాల్చి నా చెక్క మీద అక్షరాలు దిద్దింది: "చదివినాకే తుడవాలి." చెన్నకేశవులు రెండు రోజులు దాన్నే చూస్తూ కూర్చున్నాడు. మూడో రోజు తల ఊపాడు. మాస్టారి నియమానికి ముప్పై ఏళ్ళ తర్వాత చేరిన సవరణ అది.

ఇప్పుడు నా ముఖం ఆరింది. అతను బలపం తీసి నిదానంగా రాశాడు: "ఎడమ చెవి. నిన్నటి నుంచి. ముట్టుకునే ముందు చెప్పండి."

పేరమ్మ చదివి, పొయ్యి ఆపి, చెప్పుల కోసం వెతికింది. ఆసుపత్రికి ఎప్పుడూ తనే వెంట వెళ్తుంది. అతను ఆమె చెప్పులు తీసి మళ్ళీ గోడవారన పెట్టాడు. ఆమె పీట మీద కూర్చుంది.

రాసిన వైపు చొక్కాకు తగిలి చెరిగిపోకుండా నన్ను బయటికి తిప్పి పట్టుకుని, అతను ఒక్కడే గడప దాటాడు.