దబీర్‌పుర నంబరు

సోమవారం పొద్దున పదిన్నరకు యుగంధర్ ఒక పలుచని ఫైలు తెచ్చి కాంతమణి బల్ల మీద పెట్టాడు. సాయంత్రం నాలుగింటికల్లా విచారణ నివేదిక కావాలన్నాడు. అతడు ఆసుపత్రి కంప్యూటర్ విభాగానికి మేనేజరుగా వచ్చి ఏడాది దాటలేదు. ఆమె అదే విభాగంలో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేసింది. ఇంకో ఎనిమిది నెలల్లో పదవీ విరమణ.

"పెద్దగ రాసేదేం లేదు మేడమ్. కేస్ క్లియర్‌గుంది. క్యాటలాగ్ సెట్ చేసింది కల్పలత. లాగ్‌ల ఆమె పేరే ఉన్నది. నెలాఖర్ల కాంట్రాక్ట్ రెన్యూవల్ ఉండె, అది ఆపేస్తే అయిపాయె. మీ సంతకం ఒక్కటి చాలు."

"సంతకం చివర్న పెట్టేది యుగంధర్ గారూ. ముందు విచారణ అనేదొకటి ఉంటుంది," అంది కాంతమణి.

అలా అన్నదే గాని, ఆమె మనసులో తీర్పు అప్పటికే సగం రాసి ఉంది. కారణం దేవమ్మ.

నిన్న ఆదివారం పదీ నలభైకి ల్యాబ్ సర్వరు ఆగిపోయింది. చర్చి ఆరాధన ముగియకముందే కాంతమణికి ఫోను వచ్చింది. కట్టుకున్న తెల్లచీరతోనే ఆటో ఎక్కి వచ్చి చూస్తే ల్యాబ్ వరండా నిండా మనుషులు. రక్తం తీసిన గొట్టాల్లో ఏది ఎవరిదో చెప్పేది ఆ సర్వరే. అది నోరు మూసుకునేసరికి నలభై గొట్టాలు అనాథలయ్యాయి. అందరికీ మళ్లీ సూది. నేరేడ్‌మెట్ నుంచి పరగడుపున వచ్చిన డెబ్బై రెండేళ్ల దేవమ్మకు నరం దొరకలేదు. మూడోసారి గుచ్చుతుంటే ఆమె చెయ్యి పట్టుకున్నది కాంతమణే. "నువ్వేం చేస్తవు బిడ్డా, మిషన్ది తప్పు," అని దేవమ్మే ఆమెను ఓదార్చింది. ఆ మాట ఆమెకు రాత్రంతా గుచ్చుకుంది. యంత్రం తప్పు చేయదు. తప్పు మనిషిది. ఆ మనిషి జవాబు చెప్పి తీరాలి. చిన్నప్పుడు కాన్వెంటు సిస్టర్లు చేతికిచ్చిన తూకం అది. ఆమె ఏనాడూ కింద పెట్టలేదు.

ఆమె ఫైలు తెరిచింది. కల్పలత ఇచ్చిన సంజాయిషీ నాలుగే వాక్యాలు. "కొత్త ప్యాచ్ క్యాటలాగ్ శుక్రవారం మధ్యాహ్నం అమర్చాను. మినహాయింపు జాబితాలో 8వ నంబరు సర్వరును చేర్చాను. నాకు అందిన సమాచారం ప్రకారమే చేశాను. జరిగినదానికి చింతిస్తున్నాను."

"నాకు అందిన సమాచారం" అన్న మాటల కింద కాంతమణి ఎర్రసిరాతో గీత గీసింది. ఎవరి నుంచి అందింది? పేరెందుకు లేదు? ఇలాంటి దాటవేత మాటలంటే ఆమెకు ఒళ్లు మంట.

సర్వర్లను నడిపే లినక్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో బయటపడే లోపాలకు, చిల్లిగిన్నెకు వేసినట్టు, ఎప్పటికప్పుడు వేసే మాట్లే ప్యాచ్‌లు. ఏ సర్వరుకు ఏ మాటు వేయాలో, ఏ సర్వరును అసలు ముట్టకూడదో చెప్పే పట్టిక క్యాటలాగ్. ఒకసారి దాన్ని సరిగ్గా అమర్చి, వారం, వేళ చెప్పి పెడితే మిగతా పని దానంతట అదే జరిగిపోతుంది. ఆసుపత్రిలో ముట్టకూడనిది ఒక్కటే, ల్యాబ్ సర్వరు. దానికి కట్టిన రక్తపరీక్ష యంత్రాన్ని చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. పాత లినక్స్ మీద తప్ప ఆ యంత్రం మాట్లాడదు. అందుకని అన్నిటికీ మాట్లు పడినా దానికి పడకూడదు. గత నెల క్యాటలాగ్ నడిపే సాఫ్ట్‌వేర్ మారడంతో పట్టికనంతా మొదటినుంచి పెట్టాల్సి వచ్చింది. ఆ పని కల్పలతది.

ఆసుపత్రిలోని పదకొండు సర్వర్లనూ ఒక్కొక్కటిగా నిలబెట్టినవాడు ఆమె పాత సహోద్యోగి హెన్రీ. మెట్టుగూడ రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగి, ఇప్పుడు రిటైరై అల్వాల్‌లో కోళ్లు పెంచుకుంటున్నాడు. ఏ సర్వరు వచ్చినా దానికి సికింద్రాబాద్ నుంచి ఫలక్‌నుమా పోయే లోకల్ రైలు స్టేషన్ల పేర్లు వరుసగా పెట్టుకుంటూ పోయాడు. మొదటిది సికింద్రాబాద్, రెండోది సీతాఫల్‌మండి, అలా. ల్యాబ్ సర్వరు దబీర్‌పుర. కాంతమణి కూడా రైల్వే గార్డు కూతురే. ఫలక్‌నుమాలో ఉన్న చెల్లెలు ప్రిసిల్లా ఇంటికి ఇరవై ఏళ్లుగా అదే రైల్లో పోతోంది. ఆ వరుస ఆమె వేళ్ల కణుపుల మీద ఉంటుంది.

ఆరు నెలల క్రితం యుగంధర్ ఆ పేర్లు తీసేశాడు. "రైల్వే టైమ్‌టేబుల్ లెక్కున్నది మేడమ్, ఆడిటర్లు నవ్వుతున్నరు," అని పేర్ల స్థానంలో నంబర్లు పెట్టించాడు. దాని మీద ఆమెకు కోపం ఉంది. కాని కోపం సాక్ష్యం కాదని ఆమెకు తెలుసు.

పన్నెండు గంటలకు ఆమె కల్పలతను పిలిపించింది. అల్వాల్ నుంచి రోజూ రెండు బస్సులు మారి వచ్చే పిల్ల. ఇరవై ఆరేళ్లుంటాయి. నిన్న సెలవు రోజైనా పరుగున వచ్చి, పాత ప్రతిని తిరిగి ఎక్కించి, మూడున్నరకల్లా ల్యాబ్‌ను నడిపించింది ఆ పిల్లే. ఆ సంగతి ఫైలులో ఎక్కడా లేదు.

"కూర్చో. క్యాటలాగ్ తెరిచి చూపించు."

కల్పలత తెర తిప్పింది. ఏ లినక్స్ రకాలు, మాట్లు ఎక్కడినుంచి దించుకోవాలి, ఏ రోజు, ఏ వేళ, అన్నీ పొందికగా ఉన్నాయి. చివర్న మినహాయింపు జాబితా. అందులో ఒకే అంకె: 8.

కాంతమణి కనుబొమలు ముడిపడ్డాయి. "ఎనిమిదే పెట్టావు కదా. మరి దబీర్‌పుర ఎలా ఆగిపోయింది?"

కల్పలత తెరవైపే చూస్తూ ఉండిపోయింది.

"అడిగినదానికి జవాబు చెప్పమ్మా. ఎనిమిది పెట్టినా దబీర్‌పురకు మాటు ఎందుకు పడింది?"

"దబీర్‌పుర ఎనిమిది కాదు మేడమ్. రెండు."

"ఎవరు చెప్పారు?"

"నిన్న అలారం కొట్టింది రెండుకు. గప్పుడు ఎరుకైంది నాకు."

"కొత్త నంబర్ల జాబితా నీ దగ్గర లేదా?"

"మా కాంట్రాక్టోళ్లకు పంపలే మేడమ్. పర్మనెంటోళ్లకే మెయిల్ పెట్టిండ్రు. తెర మీద సుత ఒట్టి నంబర్లే కనవడ్తయి."

కాంతమణి సొరుగు లాగింది. ఆ జాబితా ఆమెకు వచ్చింది. అచ్చు తీయించి, మడత కూడా విప్పకుండా సొరుగులో వేసింది. ఇప్పుడు విప్పింది. యుగంధర్ మనుషులు రైలు వరుసను పట్టించుకోలేదు. ఇంగ్లీషు అక్షరక్రమంలో పేర్చి నంబర్లు వేశారు. ఆర్ట్స్ కాలేజీ ఒకటి. దబీర్‌పుర రెండు. ఎనిమిదికి ఎదురుగా సికింద్రాబాద్ ఉంది. అంటే నిన్న మాటు పడకుండా మిగిలింది అది. కాచిగూడ మాత్రం ఆరు, మలక్‌పేట ఏడు. రైల్లో లెక్కపెట్టినా అంతే, ఈ కాగితంలో చూసినా అంతే. గడిచిన ఆరు నెలల్లో ఆమెకు పని పడింది ఆ రెంటితోనే. రెండుసార్లూ కణుపుల లెక్క సరిపోయింది. సరిపోయింది కాబట్టే కాగితం విప్పలేదు.

విప్పలేదు. ఆ మాట దగ్గర ఆమె ఆగిపోయింది. శుక్రవారం ఒంటిపూట సెలవు. రైలు మలక్‌పేట దాటింది. ఫోను మోగింది. కిటికీలోంచి దబీర్‌పుర పసుపుపచ్చ బోర్డు కనబడుతుండగా, బొటనవేలు కణుపు నుంచి కణుపుకు జరుపుతూ...

"నీకు ఎనిమిది అని చెప్పిందెవరు?" అని అడిగింది.

"మీరే మేడమ్. పక్కానా అని రెండుసార్లు అడిగిన. 'ఎనిమిదే, రాసుకో' అన్నరు."

కాంతమణి ఎర్రగీత గీసిన సంజాయిషీని ఆ పిల్ల ముందుకు జరిపింది.

"మరి సంజాయిషీలో ఆ మాట ఎందుకు రాయలేదు? నన్ను కాపాడమని నేనడిగానా?"

కల్పలత మొదటిసారి తలెత్తి చూసింది. ఆ చూపులో దయ లేదు. "మిమ్మల్ని కాపాడనీకి కాదు మేడమ్. రిపోర్ట్ రాసేది మీరే అని యుగంధర్ సార్ ముందుగాలనే చెప్పిండు. మీ తప్పని మీకే రాసిస్తే ఏమైతది? ఫోన్ల చెప్పిన మాటకు సాక్ష్యమేడిది? పెద్దామె మీదకు తోసింది అంటరు. పనికి పని పాయె, పేరుకు పేరు పాయె. అందుకే ఊకున్న."

ఇన్నేళ్ల సర్వీసులో కాంతమణి ఎందరివో సంజాయిషీలు చదివింది. వాటిలో ఎన్ని మౌనాల కింద ఎర్రగీత గీసిందో! ఆ మౌనాల వెనుక ఏముందని ఒక్కసారైనా అడగలేదు. సాక్ష్యం లేదన్న మాట నిజమే. ఆ ఫోను మాట తెలిసింది ఇద్దరికే. తాను పెదవి విప్పకపోతే ఆకాశం ఊడిపడదు. ఎనిమిది నెలలు గడిస్తే పూలదండ, శాలువ, ఫొటో. అల్వాల్ బస్సులో ఒక పిల్ల తగ్గుతుంది.

"వెళ్లి అన్నం తిను," అంది. "నాలుగింటికి యుగంధర్ గారి గదికి రా."

ఆమె మాత్రం తినలేదు. నివేదికను చేత్తోనే రాసింది. మొదటి పేరాకు అరగంట పట్టింది. మిగతాది పది నిమిషాల్లో అయిపోయింది.

నాలుగింటికి యుగంధర్ ఆ కాగితం చదువుతూ చదువుతూ కుర్చీలో ముందుకు జరిగాడు. "ఏందీ మేడమ్ ఇది! 'తప్పు నంబరు చెప్పినది విచారణాధికారి అయిన నేనే'... గిట్ల రాస్తరా ఎవరన్న? డైరెక్టర్ చూస్తే మీకు మెమో ఇస్తడు. రిటైర్మెంట్ ముంగట మీకెందుకీ పరేషాన్?"

"ఇవ్వనివ్వండి. రెండో పేరా కూడా చదవండి."

రెండో పేరా అతడిది. పాత పేరును కొత్త నంబరు పక్కన చూపకపోవడం, పని చేసేవాళ్లకే జాబితా అందకుండా చేయడం. యుగంధర్ ముఖం ఎర్రబడింది.

"అంటే నన్ను సుత ఇరికిస్తున్నరా?"

"నన్ను ముందు రాసి, తరువాతే మిమ్మల్ని రాశాను. వరుస తప్పలేదు," అంది కాంతమణి. "మూడో పేరా ఈ అమ్మాయిది. పనివాళ్లలో నంబరు అడిగి నిర్ధారించుకున్నది ఈమె ఒక్కతే. ఆదివారం ల్యాబ్‌ను లేపింది కూడా ఈమే. రెన్యూవల్ ఆపడానికి నాకు కారణం కనబడలేదు. మీకు కనబడితే నా సంతకం కింద మీరు రాసి, మీ సంతకం పెట్టండి."

అతడు పెన్ను తీశాడు. కల్పలత వైపు చూశాడు, కాగితం వైపు చూశాడు. ఏమీ రాయకుండానే పెన్ను మూత పెట్టాడు. "డైరెక్టర్‌కు పంపుత," అన్నాడు ముభావంగా.

గురువారం కాంతమణికి మెమో వచ్చింది. సర్వీసు పుస్తకంలో ముప్పై ఒక్క ఏళ్లలో మొదటి మచ్చ. యుగంధర్ మాట్లాడటం తగ్గించాడు. అదే రోజు కల్పలత రెన్యూవల్ కాగితం కూడా వచ్చింది. కల్పలత దాన్ని తెచ్చి చూపించిందే గాని కృతజ్ఞతలు చెప్పలేదు. చెప్పకపోవడమే కాంతమణికి సబబుగా తోచింది. ఆ పిల్లకు ఇచ్చింది దానం కాదు.

ఫలితాల కోసం దేవమ్మ మళ్లీ వచ్చినప్పుడు వరండాలో ఆమె పక్కన కూర్చుని, "ఆ రోజు తప్పు మిషన్‌ది కాదమ్మా, నాది," అని చెప్పింది కాంతమణి. దేవమ్మ ఆమె ముఖంలోకి కాసేపు పరకాయించి చూసి, "గిప్పుడు మంచిగ నడుస్తున్నదా?" అని మాత్రం అడిగింది.

శుక్రవారం మధ్యాహ్నం ఇద్దరూ కూర్చుని క్యాటలాగ్‌ను మళ్లీ అమర్చారు. కల్పలత ప్రతి నంబరు పక్కనా పాత పేరు ఎక్కించింది. అంతా అయ్యాక మినహాయింపు జాబితా తెరిచి, కీబోర్డు మీద వేళ్లు ఆనించి అడిగింది.

"చెప్పుండ్రి మేడమ్. దబీర్‌పుర ఎంత?"

కాంతమణి బొటనవేలు అలవాటుగా చిటికెనవేలి మొదటి కణుపు మీదికి పోయింది. అక్కడే ఆపేసింది. కళ్లజోడు పెట్టుకుని, మడతలు పడ్డ జాబితాను బల్ల మీద పరిచి, వేలితో వరుస వెంట దిగింది.

"రెండు," అంది. "నువ్వు కూడా చూడు."

కల్పలత కుర్చీ దగ్గరకు జరుపుకుని కాగితంలోకి చూసింది. చూశాకే కొట్టింది.