పది కుట్లకు సరిపడా తిమ్మిరి

పొద్దున్నే ఆయమ్మ డ్రెస్సింగ్ గది కడిగి, కత్తెర్లు మరగబెట్టి, పాతగుడ్డలు మడిచి బల్లమీద పెడుతుంది. అవి పళ్లతో కరిచిపట్టుకోవడానికి. ఆసుపత్రికి మత్తు ఇంజక్షన్లు రావడం ఆగిపోయి రెండేళ్లు దాటింది. ఐసుగడ్డ ఉన్నరోజు ఐసుగడ్డ, లేనిరోజు గుడ్డే దిక్కు. ఆయమ్మ డ్యూటీలో ఉంటే మాత్రం గుడ్డ జోలికెవరూ పోరు. గాయం పక్కన ఆమె అరచెయ్యి ఆనిస్తే చాలు, కుట్లు పూర్తయ్యేదాకా అక్కడ తిమ్మిరెక్కిపోతుంది. దాన్ని వింతగా చూసే తీరిక తెగిన కాలితో వచ్చినవాడికి ఎక్కడిది? గుమ్మం దగ్గరే "ఆయమ్మ ఉందా?" అని అడిగి లోపలికొస్తారు.

"కుట్లు నావి, పేరు నీది," అని కాంపౌండర్ దెప్పుతుంటాడు.

ఆ తిమ్మిరి ఆమె సొంతం. ఇంజక్షన్లు ఆగిన కొత్తలో ఆమె కూతురు మెట్లమీంచి పడితే ఇదే బల్లమీద కుట్టారు. "అమ్మా, చెయ్యి వదలకు" అని పిల్ల కేకలు పెడుతుంటే చూడలేక, ఆయమ్మ చెయ్యి విడిపించుకుని వరండాలోకి పారిపోయి చెవులు మూసుకుంది. వారం తిరక్కుండా గాయం చీముపట్టి పిల్ల పోయింది. ఆయమ్మకి ఏడుపు రాలేదు. వేడిగిన్నె పట్టుకున్నా కాలేది కాదు. ఆ తిమ్మిరినే మనిషికింత పంచుతూ వచ్చింది. ఈమధ్య టీ గ్లాసు చురుక్కుమంటోంది. కుండ అడుగంటిందని ఆమెకీ, కాంపౌండర్‌కీ తెలుసు.

ఆ మధ్యాహ్నం ఒక తాపీమేస్త్రీ ఆరేళ్ల కూతుర్ని ఎత్తుకొచ్చాడు. రేకు కోసుకుని పిల్ల పిక్క బెత్తెడు తెగింది.

కాంపౌండర్ సూదికి దారమెక్కిస్తూ గొంతు తగ్గించాడు. "పది కుట్లు పడతాయక్కా. నీ దగ్గర అంత లేదు. గుడ్డ పెడదాం."

"దాని నోరెంత, ఆ గుడ్డెంత?"

"ఆ తర్వాత నీ గతేంటి?"

"నువ్వు కుట్టు తమ్ముడూ. ఈసారి నేనెక్కడికీ పోను."

అరచెయ్యి ఆనించింది. పిల్ల ఏడుపు మానేసి, కొత్తచెప్పు కాలవలో పడిపోయిందని, అయినా నాన్న తిట్టలేదని చెప్పుకుంటూ పోయింది. ఎనిమిదో కుట్టుకి ఆయమ్మ పెదవులు వణికాయి. తొమ్మిదో కుట్టుకి చెవుల్లో తన పిల్ల కేక మొదలైంది. పదో కుట్టు ముడిపడేదాకా చెయ్యి తియ్యలేదు.

మేస్త్రీ పిల్లని భుజానేసుకుని వెళ్లాక ఆమె నేలమీద కూలబడింది.

"వదిలేశాను తమ్ముడూ. పిలుస్తూనే ఉంది, వదిలేశాను."

రెండేళ్ల ఏడుపు ఒక్కసారే వచ్చింది. అది తగ్గే ఏడుపు కాదు. కాంపౌండర్ బీరువా తెరిచాడు. దూది, అయోడిన్, దారం ఉన్నాయి.

గుమ్మం దగ్గర ఎవరో తెగిన వేలు పట్టుకుని అడుగుతున్నాడు. "ఆయమ్మ ఉందా?"

కాంపౌండర్ బల్లమీంచి రెండు గుడ్డలు తీశాడు. ఒకటి అతని చేతికిచ్చాడు. రెండోది ఆయమ్మ పళ్లమధ్య పెట్టి, ఆమె చెయ్యి పట్టుకుని పక్కనే కూర్చున్నాడు.