అక్కకు బాకీ ఉన్న చూపు

ముఖం తెలియని వాళ్ళకు పెట్టే దణ్ణం చేరుతుందా? బడి స్టోరు గుమాస్తాను ఏళ్ళ తరబడి పీడిస్తున్న అనుమానం ఇది. రోజూ స్నానం చేసి, దేవుడి పటం ముందు నిలబడి, గ్రహాలను పేరుపేరునా తలుచుకుంటాడు. గురువు పేరు దగ్గర తల ఇంకాస్త వంచుతాడు. ఆ గురుగ్రహం ఆకాశంలో ఎదురుపడితే పోల్చుకోగలవా అంటే మాత్రం నీళ్ళు నములుతాడు.

చిన్నప్పుడు ఒక్కసారి చూశాడు. అదీ అరువు చూపే. అప్పట్లో బడికి ఎవరో ఒకాయన టెలిస్కోపు తెచ్చాడు. పిల్లలు బారులు తీరారు. తన వంతులో ఏమీ ఆనక ఇతను ఏడుపు లంకించుకుంటే, వెనకున్న అక్క జాలిపడి, "నా వంతు కూడా నువ్వే చూడరా, నేను మళ్ళీ చూస్తాలే" అంది. తమ్ముడు చూశాడు. అంతలో మబ్బు కమ్మింది. ఆయన పెట్టె సర్దుకుని వెళ్ళిపోయాడు. ఆ 'మళ్ళీ' ఇంతవరకూ రాలేదు. అక్క మాత్రం పెళ్ళిళ్ళలోనూ దెప్పింది, ఆస్పత్రి మంచం మీద పడుకునీ దెప్పింది.

అందుకే గుమాస్తా తను పనిచేసే బడిలో సైన్సు మాస్టారి కాళ్ళావేళ్ళా పడి టెలిస్కోపు తెచ్చాడు. రేపు పొద్దున్నే తిరిగిచ్చేయాలి. అక్క మోకాళ్ళు పట్టుకుని మేడ మెట్లెక్కి వచ్చి, పైన చతికిలపడింది.

"ఇదే ఆఖరురా. ఇన్ని మెట్లు మళ్ళీ ఎక్కడం నా వల్ల కాదు. ఇవాళ చూపించావా సరే. లేదంటే కాటికి పోయేదాకా దెప్పుతూనే ఉంటా."

"చూపిస్తానక్కా, కాస్త ఊపిరి పీల్చుకోనీ."

అప్పుడే చీకటి పడింది. తూర్పున దేదీప్యమానంగా ఉన్నదానికి గొట్టం గురిపెట్టి, గుమాస్తా భక్తిగా కళ్ళకద్దుకున్నాడు. అతని భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏమండీ, మీ గురువుగారు ఆరి వెలుగుతున్నారేమిటి?"

అది సెల్ టవరు మీది దీపం. అక్క పగలబడి నవ్వింది. గుమాస్తా చెవులు ఎర్రబడ్డాయి. ఇన్నేళ్ళ దణ్ణాలూ ఏ టవరుకు చేరాయో అనుకుని, దానికి కాస్త పక్కగా, మిణుకుమనకుండా నిలకడగా వెలుగుతున్న చుక్క వైపు గొట్టం తిప్పాడు. అరంగుళం జరిపితే ఆకాశమంతా జారిపోయింది. ఎదురింటి నీళ్ళ ట్యాంకు తలకిందులుగా కనిపించింది. తిట్టుకుంటూ, మొక్కుకుంటూ, మర సడలిస్తూ బిగిస్తూ ఉండగా దొరికింది. తెల్లటి చిన్న బిళ్ళ, దాని పక్కన వరుసగా సన్నటి చుక్కలు.

"దొరికాడు! అక్కా, రా, రా!"

అక్క లేచి వంగింది. "ఏదిరా? అంతా చీకటే."

మళ్ళీ వెతికి పట్టాడు. అక్క మళ్ళీ వంగింది. మళ్ళీ చీకటే.

"గొట్టం ముట్టుకోకే తల్లీ!"

"నేను ముట్టుకోలేదురా!"

"ముట్టుకోకపోతే దానికి కాళ్ళొచ్చాయా?"

"దానికి మూడున్నాయిగా, ఏ కాలు జరిగిందో దాన్నే అడుగు."

"వదినా, రెండో కన్ను మూసుకోండి," అంది భార్య.

"సూదిలో దారం ఎక్కించేదాన్ని, ఏ కన్ను మూయాలో నువ్వు చెప్పాలా అమ్మాయ్?"

ఇంకోసారి దొరికింది, ఇంకోసారి పోయింది. గుమాస్తాకు చిర్రెత్తుకొచ్చింది. గొట్టం ఎత్తి కిందికి విసిరేయాలనిపించింది కానీ అది మాస్టారిది. ఈసారి గురి కుదిర్చి, ఆకాశం మానేసి అక్కనే చూస్తూ నిలబడ్డాడు.

అక్క కన్ను ఆనించింది. కుడిచెయ్యి మెల్లగా లేచి గొట్టం మీద పరుచుకుంది. ఎడమచెయ్యి దాని పక్కన చేరింది. రెండూ కలిసి గొట్టాన్ని కాస్తకాస్తగా ముందుకు నెడుతున్నాయి. కింద పాదం నేలను తొక్కుతూనే ఉంది. బతుకంతా మిషను మీద వంగి జాకెట్లు కుట్టిన మనిషి. వంగి చూస్తే చాలు, చేతులు వాటంతటవే గుడ్డను సూది కిందికి తోసేస్తాయి.

"అక్కా! నువ్వు గురుణ్ణి కుట్టేస్తున్నావే!"

అక్క తన చేతుల వంక అవి ఎవరివో అన్నట్టు చూసుకుంది. "అయ్యో, నిజమేరా! ఇవి నా మాట వినవు."

చేతులు వెనక్కి పెట్టుకోమంటే, బడిపిల్లలా నిలబడనంది. పెట్టుకున్నా, వంగిన మరుక్షణం ముందుకొచ్చేశాయి.  గుమాస్తా చుక్కను మళ్ళీ మధ్యకు తెచ్చి, అక్క రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని గట్టిగా పట్టుకున్నాడు. బొటనవేళ్ళ మీద సూది పోట్ల గరుకు తగిలింది. భార్య చెప్పకుండానే కూర్చుని ఆడబిడ్డ పాదం మీద అరచెయ్యి ఆనించింది.

అక్క వంగింది. వేళ్ళు అతని పిడికిట్లో ఒకటి రెండుసార్లు గింజుకుని, ఆగిపోయాయి.

"ఒరే," అంది చాలా చిన్నగా. "పక్కన బొత్తాలు కుట్టారెవరో."

"అవి ఆయన చందమామలక్కా. కనిపించాడా?"

అక్క ఇంకాస్త వంగింది. చుక్క మెల్లగా గొట్టం అంచుకు జరుగుతూ ఉంటుందని గుమాస్తాకు తెలుసు. తను కూడా ఒక్కసారి చూడాలని ప్రాణం కొట్టుకుంది.

"అక్కా, ఒక్క క్షణం నన్నూ..."

"ఆగరా," అంది కన్ను తియ్యకుండానే. "నా వంతు ఇంకా అవ్వలేదు."

ఆమె తల ఎత్తేసరికి గొట్టంలో చీకటి తప్ప ఏమీ లేదు. గుమాస్తా ఇంకా ఆమె చేతులు వదల్లేదు.

"ఇక దెప్పనులే," అంది అక్క.